చలికాలపు సవారికి కాలిజోళ్ళు

ఢిల్లీ, సిమ్లాలలో కాపురముండి వచ్చిన బంధువులు మా హైదరాబాదు చలిని చలి యని ఒప్పుకొనరు. వారి మాటలోను కొంత నిజము లేకపోలేదు. డిసెంబరు, జనవరి మాసములలో ఇచట తెల్లవారుజామున సాధారణముగా 14, 15 సెంటిగ్రేడు డిగ్రీలుండును. మధ్యాహ్నమునకు 28 డిగ్రీలకు ఎక్కును. 1946వ సంవత్సరము జనవరిలో ఒకనాడు 6.1 డిగ్రీలకు దిగినది గాని, అట్టి దినములు అరుదు. శాలువ కప్పుకొని వాకిట ముగ్గు పెట్టుకొను స్త్రీకి ఈ చలి యొక వేడుకయే. అయితే అదే చలిలో సైకిలెక్కి గంటకు 20, 25 కిలోమీటర్ల వేగముతో పోవునామెకు సంగతి వేరు. అందును ఆమె కాలివ్రేళ్ళకు మరియు వేరు.

మేము లాల్‌దర్వాజా, గౌలీపురా ప్రాంతముల నివసించు స్త్రీలము నలుగురము. వారమునకు మూడు దినములు, చీకటి విడకమునుపే, సైకిళ్ళకు దీపములు పెట్టుకొని బయలుదేరుదుము. శాలిబండ మీదుగా చార్మినారు చేరి, హుసేనీఆలం, బహదూర్‌పురా దాటి, మీరాలం చెరువు ప్రక్కనుండి ఆరాంఘర్ చౌరస్తాకును, అచటినుండి రాజేంద్రనగరము మీదుగా హిమాయత్‌సాగరము కట్ట వరకును పోయి, పిల్లలు బడికి పోవు వేళకు ఇల్లు చేరుదుము. ఆదివారము మాత్రము గండిపేట వరకు పోయి, తాపీగా పది గంటలకు తిరిగి వత్తుము. ఈ గంటలు మావి. తక్కిన దినమంతయు వంటయిల్లు, ఉద్యోగము, పిల్లల చదువులు, పెద్దల మందులు పంచుకొని పోవును. ఇన్ని యుండియు, ప్రతి యేడు కార్తీకము వెళ్ళి మార్గశిరము రాగానే మా గుంపు పలుచబడుచుండెను. ఒకరు పడిశమనిరి, ఒకరు ఇంట పని యనిరి. నిదానించి అడుగగా ముగ్గురు చెప్పిన కారణమొక్కటే: వ్రేళ్ళు మొద్దుబారి పోవుచున్నవి. ఇంత చిన్న కారణమునకు మూడు నెలల స్వేచ్ఛను వదలుకొనుట మాకు న్యాయముగా తోచలేదు. రెండు చలికాలములు రకరకముల పాదరక్షలను తొడిగి, విప్పి, కొలిచి చూచితిమి. అందు తేలిన సంగతులను సోదరీమణుల ఉపయోగార్థము వ్రాయుచున్నాము.

నడచువారికి లేని చలి సైకిలు త్రొక్కువారికి ఏల కలుగునో ముందు తెలిసికొనవలెను. నడకలో పాదము వంగును, లేచును, వ్రేళ్ళు కదలును. ఆ కదలికచేత నెత్తురు దిగుచుండును. సైకిలుపై పని యంతయు తొడలది, పిక్కలది. పాదము గట్టి అట్టపై అదుముకొని, చెక్కవలె ఊరకుండును. ఒడలికి చలి సోకినప్పుడు ప్రకృతి గుండెను, కడుపును ముందు కాపాడును. చేతులకు, కాళ్ళకు పోవు సన్నని నాళములను ముడుచుకొనజేయును. అన్నిటికన్న దూరముననున్నవి కాలివ్రేళ్ళు గనుక మొట్టమొదట వాటికే కరవు వచ్చును. దీనికి తోడు గాలి. గాలి వీచని ఉదయమున గూడ సైకిలు తన గాలిని తానే పుట్టించుకొనును. వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము 10 డిగ్రీల చలిలో 25 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు బయటనున్న చర్మమునకు అది 7 డిగ్రీలవలె తోచును. నగర మధ్యమున ఇండ్ల వేడిమి కొంత కాపాడును గాని, రాజేంద్రనగరము పొలములు చేరుసరికి గాలి మారును. అచట చలి ఎప్పుడును రెండాకులు ఎక్కువే. హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైన చెరువు. 1908వ సంవత్సరపు మూసీ వరద మరల రాకుండుటకై కట్టినది. దాని కట్ట మీద మంచు తెర కదలుచుండగా చూచుట కన్నుల పండుగ. పాదములకు మాత్రము పండుగ కాదు.

వేసవికై తయారు చేసిన సైకిలు బూట్లను చేత బట్టి చూడుడు. పై భాగమంతయు వలవంటి గుడ్డ. అట్ట అడుగున గాలి చొరబడు రంధ్రములు. మే మాసమున ఇవి వరములు. జనవరిలో ఇవే కిటికీలు తెరచి పండుకొన్నట్లుండును. అందుచేత చలికి వేరు బూట్లు కొనవలెనా యన్న ప్రశ్న వచ్చును.

మంచు కురియు దేశములలో ఇందుకై ప్రత్యేకముగ చీలమండ దాక వచ్చు బూట్లు తయారగుచున్నవి. లోపల ఉన్నివంటి పొర, పైన నీరు చొరని తోలు. వాటిని తెప్పించుకొన్న పరిచితులను మేమెరుగుదుము. మా అభిప్రాయము స్పష్టముగా చెప్పెదము: హైదరాబాదువారికి అవి అక్కరలేదు. డబ్బు సంగతి అటుంచుడు. మన చలి నాలుగు గంటల చలి. ఆరు గంటలకు 12 డిగ్రీలున్న గాలి పది గంటలకు 24, 25 డిగ్రీలగును. గండిపేటనుండి తిరిగి వచ్చునప్పుడు ఆ బూట్లలో పాదములు ఉడికి, చెమటతో మేజోళ్ళు తడిసి, మరునాటికి ఆరవు. తడిసిన బూటు మరునాటి చలికి మొదటి మిత్రుడు. మనకు కావలసినది ఉదయము తొడిగి, ఎండ ఎక్కగానే విప్పి జేబులో వేసికొనదగినది, వీపుపై శాలువవలె.

అయితే తొడుగుల మాట తరువాత. మొదట కొలత. చలికి కాళ్ళు బిగిసిన వారిలో ఎక్కువమంది చేయు పని యేమనగా, వేసవి బూట్లలోనే రెండు జతల మేజోళ్ళు తొడుగుట. దీనిచేత చలి తగ్గదు, పెరుగును. వెచ్చదనమునిచ్చునది గుడ్డ కాదు, గుడ్డలో నిలిచిన గాలి. బూటు నిండ గుడ్డ కూరినచో గాలికి చోటు లేదు, నెత్తురుకు దారి లేదు. కనుక చలికాలమునకు బూట్లు కొనువారు తాము తొడుగబోవు మందపు మేజోళ్ళను వెంట తీసికొని పోయి, వాటితోనే తొడిగి చూడవలెను. వ్రేళ్ళు లోపల హాయిగా ఆడవలెను. మడమ మాత్రము లేవరాదు. సాధారణపు కొలతకన్న అరసంఖ్య, అవసరమైనచో ఒక సంఖ్య పెద్దది తీసికొనవచ్చును. సాయంకాలము పోవుట మేలు. దినమంతయు నిలుచుండి పనిచేసిన పాదము ఉదయపు పాదముకన్న కొంచెము ఉబ్బియుండును.

ఇచట స్త్రీలకొక చిక్కు. సైకిలు బూట్లమ్ము అంగళ్ళలో మేము చూచినవి చాల భాగము పురుషుల కొలతలే. చిన్న పాదము గల స్త్రీ అడిగినచో, పిల్లల బూటొకటి తెచ్చి చూపుదురు. లేదా పురుషుల చిన్న సంఖ్య నిచ్చి, లోపల అట్ట ముక్క పెట్టుకొమ్మందురు. పురుషుల బూటు మడమ వద్ద వెడల్పు. ఆ వదులును సరిచేయుటకు పై పట్టీని బిగించి లాగుదుము. బిగించిన చోట పాదము మీది నాళములు నలుగును. మరల వ్రేళ్ళు మొద్దుబారును. కావున కొలత దొరకువరకు తిరుగుడు. తెచ్చి పెట్టుదుమన్నచో వేచియుండుడు. సగము సరిపోయిన దానిని కొనవద్దు. చీరకు జాకెట్టు కుట్టించునప్పుడు మనము చూపు పట్టుదల ఇచటను చూపవలసియున్నది.

మేజోళ్ళలో నూలువి పనికిరావు. నూలు చెమటను పీల్చి తన యందే దాచుకొని చర్మమునకు అంటుకొనును. ఉన్ని అట్లు కాదు. తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చియు తడి యని తోపనీయదు. మెరీనో యను సన్నని ఉన్ని మేజోళ్ళు ఇప్పుడు మన యూరిలోను దొరకుచున్నవి. పలుచనివియైనను చాలును. మన తెలంగాణపు గొఱ్ఱెల ఉన్ని ఇంతకన్న తక్కువదా యని మాలో నొకరు పౌరుషముతో అడిగిరి. తక్కువది కాదు, ముతకది. కురుమలు నేయు నల్ల గొంగడి వానను, చలిని, ముళ్ళను గూడ ఆపగలదు గాని చర్మమును గీరును. అయినను ఆ ప్రశ్న వ్యర్థము కాలేదు. ఇంట చిరిగిన పాత గొంగడి యొకటి యుండెను. దానిలో పాదముల ఆకారము కత్తిరించి, బూటు లోపలి పరుపు క్రింద వేసి చూచితిమి. అట్ట అడుగునుండి వచ్చు చలి ఆశ్చర్యముగా తగ్గినది. ఆ చలికి దారి యేదనగా అట్టకు బిగించిన ఇనుప మరలు. ఇనుము వేడిని త్వరగా లాగివేయును. గొంగడి ముక్క దానికడ్డు. అయితే అది బూటులో చోటు తినును; ముందే చోటున్న బూటులోనే వేయవలెను. ఇరుకు బూటులో వేసినచో రెండు మేజోళ్ళ కథయే మరల వచ్చును.

ఇక తొడుగు. బూటు ముందరి భాగమును, అనగా వ్రేళ్ళున్నంత మేర మాత్రమే కప్పు టోపీవంటి తొడుగులు అంగళ్ళలో దొరకును. నియోప్రీనను రబ్బరుతో చేసినవి. ఈ పదార్థమును అమెరికాలో డ్యూపాంటు కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు 1930లో కనిపెట్టిరి. బూటంతయు కప్పి చీలమండ దాక వచ్చు తొడుగులును కలవు. అవి వానకు, గట్టి చలికి మంచివి. మనకు టోపీలు చాలును. మాలో ఇద్దరు వాటిని కొనిరి. తక్కిన ఇద్దరు కొనక, మా వీధి చివర చెట్టు క్రింద కూర్చుండి చెప్పులు కుట్టు ముసలి చాచా యొద్దకు స్కూటరు చక్రపు పాత ట్యూబు పట్టుకొని పోయిరి. అతడు బూటును తిప్పి తిప్పి చూచి, "ఇది బూటుకు బురఖానా, బేటీ?" యని నవ్వెను. కాగితము మీద ఆకారము గీసికొని, ట్యూబును కత్తిరించి, ముందు మడిచి కుట్టి, అడుగున పెడలుకు తగులు చోట గుండ్రముగా విడిచి, వెనుక సన్నని పట్టీ పెట్టెను. ఒక సాయంకాలపు పని. గాలి విషయమున అంగడి టోపీకిని దీనికిని భేదము మాకు కనబడలేదు. అతడే యొక మాట హెచ్చరించెను: రబ్బరు గాలిని లోపలికి రానీయదు, చెమటను బయటికి పోనీయదు, ఎండ రాగానే విప్పవలెనని. ఈ మాట పెద్ద కంపెనీల కాగితములలో చిన్న అక్షరములలో గూడ మాకు కనబడలేదు.

పెడలుకు బూటును బంధించు క్లీటను బిళ్ళ సంగతి కొంత చెప్పవలసియున్నది. ఇది చలికి సంబంధించినది కాదనుకొందురు గాని, కలదు. 1984లో ఫ్రాన్సు దేశపు లుక్కు కంపెనీ, మంచుపై జారు పలకల కట్టులను చేయునది, అదే పద్ధతిని సైకిలు పెడలుకు తెచ్చినది. మరుసటి యేడు బెర్నార్ ఈనో యను వీరుడు వాటితో ఫ్రాన్సు దేశపు గొప్ప పందెమును గెలువగా, అందరును వాటి వెంట పడిరి. మూడు మరలతో బిగించు ఈ పెద్ద బిళ్ళ అట్టనుండి బయటికి పొడుచుకొని యుండును. జపానువారి షిమానో కంపెనీ 1990లో తెచ్చిన రెండు మరల చిన్న బిళ్ళ అట్ట గుంటలో దాగియుండును. చుట్టు రబ్బరు అడుగుండుటచే నడువవచ్చును.

నగరమునకు పడమట బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో సౌరఫలకముల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసిరి. అచట త్రొక్కువారికి మొదటి రకము శోభించును. ఆగవలసిన పని తక్కువ. మా పాతబస్తీలో అట్లు కాదు. శాలిబండలో పాలబండి అడ్డము, చార్మినారు కడ పావురములకు గింజలు చల్లువారు అడ్డము, బహదూర్‌పురాలో ఆటో అడ్డము. పది నిమిషములకొకసారి కాలు నేల పెట్టవలెను. చార్మినారు చుట్టు పరచిన రాతి పలకలు మంచుకు తడిసి నున్నగా నుండును. పొడుచుకొని వచ్చిన బిళ్ళతో వాటిపై కాలు పెట్టుట సబ్బు బిళ్ళపై నిలుచుటయే. దీనికి తోడు వ్రేళ్ళు మొద్దుబారియున్నచో బిళ్ళ విడివడినదో లేదో పాదమునకు తెలియదు. విడివడినదనుకొని ఒక ప్రక్కకు ఒరిగిన మనిషి, సైకిలుతో సహా, ఆటో ముందు పడును. మొద్దుబారిన కాలు సుఖమునకు లోపమని మాత్రమే తలచువారు ఈ సంగతి నాలోచింపవలెను. కావున పాత నగరపు స్త్రీలకు రెండు మరల రకమే తగినది. బిళ్ళలే వద్దు, చదునైన పెడలు చాలునందురా, అదియును మంచిదే. గట్టి అట్ట గల, ముందు మూసిన మామూలు బూట్లు వేసికొని, పై టోపీ తొడిగినచో ఈ వ్యాసములోని తక్కిన మాటలన్నియు చెల్లును.

మన ఇండ్లలో మరియొక చిత్రమైన చిక్కు కలదు. దొరల పుస్తకములలో దీని ప్రస్తావన యుండదు. బూట్లు గడప దాటి లోపలికి రారాదు. రాత్రియంతయు వరండాలో చలిని త్రాగిన బూటు తెల్లవారి ఐదు గంటలకు మంచుముద్ద. దానిలో వెచ్చని పాదము పెట్టిన క్షణమే సగము వేడి పోవును. బూట్లను పొయ్యి ప్రక్కన పెట్టుకొనుమని చెప్పుట సులభము. మాలో నొకరి అత్తగారితో ఆ మాట చెప్పుట సులభము కాదు! చివరకు కుదిరిన రాజీ యిది: బూట్లు వెలుపలనే యుండును, లోపలి పరుపులు, గొంగడి ముక్కలు, మేజోళ్ళు మాత్రము గుడ్డ సంచిలో పెట్టి దుప్పట్ల నడుమ నుంచుదురు. బయలుదేరునప్పుడు వెచ్చని పరుపును బూటులో వేసి, వెంటనే తొడుగుదురు. అత్తగారికి ఆచారము దక్కినది, కోడలికి వేడి దక్కినది. ఇప్పుడు ఆ సంచిని రాత్రివేళ ఆమెయే గుర్తుంచుకొని దుప్పట్లలో పెట్టుచున్నదట.

చీలమండలను గూడ కప్పవలెను. పాదమునకు పోవు నెత్తురు చర్మమునకు చేరువగా అటునుండియే దిగును. మోకాలి వరకే యున్న లాగు వేసికొని, పాదములకు మాత్రము వేలు వెచ్చించిన వారిని చూచి మేము జాలిపడితిమి.

ఇన్ని చేసియు మాలో పెద్దయైన వదినగారి పాదములు వెచ్చబడలేదు. కొత్త బూట్లు, మెరీనో మేజోళ్ళు, గొంగడి, టోపీ అన్నియు నుండగా, మీరాలం చెరువు చేరకమునుపే, "ఈ కాళ్ళు నావి కానట్టే ఉన్నయ్" అని ఆగుచుండెడివారు. వ్రేళ్ళు పాలిపోయి యుండెడివి. ఎత్తు రోడ్డుపై ఆయాసము. వయస్సని ఆమె సరిపెట్టుకొనిరి, నలుబదియారేండ్లు వయస్సా? బలవంతముగా వైద్యురాలి కడకు తీసికొనిపోయితిమి. నెత్తురు పరీక్షలో హీమోగ్లోబిను 8 గ్రాములకు కొంచెము పైన తేలెను. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తక్కువయైనచో రక్తహీనత యందురు. వెచ్చదనమును మోసికొనిపోవు నెత్తురే చాలనప్పుడు ఏ బూటేమి చేయగలదు?

2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల మన దేశపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అనగా మా నలుగురిలో ఇద్దరికుండుట వింత కాదు. పరీక్షించుకొనగా ఉండనే యుండెను. వైద్యురాలు ఇనుము మాత్రలిచ్చి, వాటిని చాయతో గాని, చాయ త్రాగిన వెంటనే గాని వేసికొనవద్దని గట్టిగా చెప్పిరి. చాయ ఆ ఇనుమును ఒంటికి పట్టనీయదు. సవారి కాగానే ఇరానీ చాయ త్రాగుట వదినగారికి పూజవంటిది. ఆ నియమము వారికి మాత్రలకన్న చేదుగా తోచినది. నిమ్మరసముతో మాత్ర, గంటన్నర తరువాత చాయ అని కాలము ఏర్పరచుకొనిరి. మూడు మాసములు గడచుసరికి, మాఘమాసపు ఒక ఉదయమున, వదినగారు ఆగకుండ కట్ట వరకు వచ్చి, వ్రేళ్ళు కదపి చూచుకొని, మాతో ఏమియు చెప్పక ముందుకు సాగిపోయిరి.

కావున మితమైన మన చలిలో గూడ పాదములు విడువక చల్లగా నుండు సోదరీమణులు, బూట్ల అంగడికి పోవుటకు ముందు నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. థైరాయిడు గ్రంథి మందగించినను ఇట్లే యుండును. చలి తగిలినంతనే వ్రేళ్ళు తెల్లబడి, నీలమై, పిదప ఎర్రబడుట వేరొక రుగ్మత. ఇదియు స్త్రీలలోనే ఎక్కువ. మధుమేహము గలవారు మొద్దుబారిన కాళ్ళను వేడినీటిలో ముంచరాదు, హీటరు ముందు పెట్టరాదు. కాలినను వారికి తెలియక పోవచ్చును. పొడి గుడ్డతో ఒత్తి, మెల్లగా నడచుటయే మేలు.

శివరాత్రి వెళ్ళిన తరువాత తొడుగులతో పని యుండదు. ఉన్ని మేజోళ్ళను చన్నీట ఉతికి, పిండక, నీడన పరచి ఆరబెట్టి, వేపాకుతో డబ్బాలో పెట్టుడు. గొంగడి ముక్కలకును అదే. ట్యూబు టోపీలను తుడిచి, ముఖమునకు వేయు పౌడరు లోపల చల్లి, ఒకదానికొకటి అంటుకొనకుండ కాగితము నడుమ నుంచుడు. చాచా కుట్టినవి రెండు చలికాలములు గడచినను ఇంకను చిరుగలేదు.